బొద్దు అక్షరం లోపలి తెలుపు: బోల్డ్ రౌండెడ్ తెలుగు ఫాంట్‌ను ఎంచుకుని వాడే పద్ధతి

కొన్నేళ్ళ కిందట పిల్లల కథల పుస్తకం ఒకదానికి అట్ట తయారుచేశాను. పేరులో ‘కథ’ అనే మాట ఉంది. లావుగా, ముద్దుగా, కొసలన్నీ గుండ్రంగా ఉండే ఫాంట్ ఎంచుకున్నాను. కంప్యూటర్ తెర మీద చూసినవాళ్ళంతా బాగుందన్నారు. అచ్చయి వచ్చాక అట్ట మీద పెద్ద అక్షరాలు నిజంగానే బాగున్నాయి. అదే పేరును పుస్తకం వెన్ను మీద చిన్నగా వేశాం. అక్కడ ‘థ’ మధ్యలో ఉండాల్సిన చుక్క చుట్టూ ఉన్న గీతతో కలిసిపోయి, అక్షరం నల్లటి ఉండలా మారింది. బీరువాలో వరసగా పేర్చిన పుస్తకాల మధ్య మా పుస్తకం పేరు చదవాలంటే కళ్ళు చికిలించాల్సి వచ్చేది. ఫాంట్‌లో లోపమేమీ లేదు. ఏ సైజులో, ఏ కాగితం మీద వేస్తున్నామో ఆలోచించకుండా వాడాను, తప్పు నాదే.

అప్పటినుంచి ఏ బోల్డ్ ఫాంట్ చేతికొచ్చినా ముందు అక్షరం లోపల మిగిలిన తెల్లటి ఖాళీని చూస్తున్నాను. కింద చెప్పేదంతా ఆ అలవాటు నేర్పినదే. ఉదాహరణకు ఒకే ఫాంట్ తీసుకుంటాను: బలూ తమ్ముడు 2. ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లో చదివేవాళ్ళు కూడా గూగుల్ ఫాంట్స్ సైటులో తెరిచి వెంటనే చూడొచ్చు.

మొదటి మెట్టు: ఏ గుండ్రతనం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి

ఇంగ్లీషులో రౌండెడ్ ఫాంట్ అంటే అర్థం సులువు. ‘ఐ’, ‘ఈ’, ‘టీ’ లాంటి అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డ గీతలు ఉంటాయి. మామూలు సాన్స్-సెరిఫ్ (కొసలకు అదనపు చిన్న గీతలు లేని) ఫాంట్‌లో ఆ గీతల కొసలు కత్తిరించినట్టు చదునుగా ఉంటాయి. రౌండెడ్ ఫాంట్‌లో అవే కొసలు మార్కర్ పెన్నుతో గీసినట్టు అర్ధచంద్రాకారంలో ముగుస్తాయి. తేడా కళ్ళారా చూడాలంటే గూగుల్ ఫాంట్స్‌లో నునిటో, నునిటో సాన్స్ పక్కపక్కన తెరవండి. వెర్నన్ ఆడమ్స్ మొదలుపెట్టిన నునిటోకు కొసలు గుండ్రం, దాని తోడుగా వచ్చిన నునిటో సాన్స్‌కు చదును. ఎముకల గూడు దాదాపు ఒకటే. కొసలు మారగానే గొంతు మారిపోయినట్టు అనిపిస్తుంది.

ఈ తరహా అక్షరాలకు పుట్టుక పనిముట్లలోనే ఉంది. లోహపు పలకల మీద, మెషీన్ల మీద అక్షరాలు చెక్కే యంత్రాల్లో గుండ్రంగా తిరిగే ములికి ఉండేది. అది మొదలైన చోటా ఆగిన చోటా గీత కొస గుండ్రంగానే మిగులుతుంది. నియాన్ గొట్టాలదీ అదే కథ. తర్వాత అదే రూపాన్ని కావాలని గీయడం మొదలైంది. 1979లో ఫోక్స్‌వాగన్ తన వీఏజీ డీలర్ల బోర్డుల కోసం చేయించుకున్న వీఏజీ రౌండెడ్ వాటిలో బాగా పేరున్నది. ఆపిల్ కంప్యూటర్ల కీబోర్డు మీటల మీద 2015 వరకూ ఎక్కువగా కనిపించినవి ఆ అక్షరాలే. పాత మ్యాక్‌బుక్ ఇంట్లో ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి.

తెలుగుకొచ్చేసరికి లెక్క మారుతుంది. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు పొడవైన అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది కాబట్టి వంపులు పెరిగాయని చెబుతారు. కారణం ఏదైనా, ‘ర’, ‘ఠ’, ‘ల’, ‘అ’లో ఇంకా గుండ్రం చేయడానికి పెద్దగా మిగల్లేదు. కాబట్టి తెలుగు రౌండెడ్ ఫాంట్‌లో గుండ్రతనాన్ని మూడు చోట్ల వెతకాలి: తలకట్టు, కొమ్ము, దీర్ఘం లాంటి విడి గీతల కొసల్లో, రెండు వంపులు కలిసే మూలల్లో, వత్తులు ముగిసే తోకల్లో. ఈ మూడూ మెత్తగా ఉంటేనే అది రౌండెడ్. కొన్ని ఫాంట్లలో ఒళ్ళంతా మెత్తగా ఉండి తలకట్టు మాత్రం కత్తిమొనలా దిగుతుంది. విడిగా అది అందంగానే ఉంటుంది కానీ మీరు మెత్తదనం కోసం వచ్చి ఉంటే అది మీకు పనికిరాదు.

రెండో మెట్టు: ఫాంట్‌తో పరిచయం చేసుకోండి

బలూ ముంబైలోని ఏక్ టైప్ సంస్థ తయారుచేసిన కుటుంబం. హిందీలో భాలూ అంటే ఎలుగుబంటి. ఆ అక్షరాల బొద్దుతనం చూస్తే పేరు సరిపోయిందనే అనిపిస్తుంది. దేవనాగరిది ఉత్త బలూ; మిగతా భారతీయ లిపులకు ఒక్కో తోబుట్టువు పేరు పెట్టారు. తెలుగుకు తమ్ముడు, కన్నడకు తమ్మ, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, గుజరాతీకి భాయ్, గురుముఖికి పాజీ. పేర్ల దగ్గరే ఇంత ప్రేమ చూపినవాళ్ళు అక్షరాల దగ్గర అశ్రద్ధ చేయరని నాకు మొదటిరోజే నమ్మకం కలిగింది.

మొదట వచ్చిన బలూ తమ్ముడులో ఒకే లావు ఉండేది. రెండో తరమైన బలూ తమ్ముడు 2లో ఐదు ఉన్నాయి (అంకె పెరిగేకొద్దీ లావు పెరుగుతుంది): రెగ్యులర్ 400, మీడియం 500, సెమీబోల్డ్ 600, బోల్డ్ 700, ఎక్స్‌ట్రాబోల్డ్ 800. మన పనికి ఇది చాలా పెద్ద సౌకర్యం, ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది. లైసెన్సు ఓపెన్ ఫాంట్ లైసెన్స్. వ్యాపారానికి, లోగోకు, పుస్తకానికి, ప్యాకెట్‌కు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఫాంట్ ఫైలునే విడిగా అమ్మకూడదు, అంతే.

ఇదొక్కటే దారి అని కాదు. ఏక్ టైప్‌వాళ్ళదే అనేక్ తెలుగు ఉంది. అందులో లావుతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు కాబట్టి ఇరుకు చోట్లకు పనికొస్తుంది. కొసలు మాత్రం బలూ అంత మెత్తగా ఉండవు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో రామభద్ర లావుగా, గంభీరంగా ఉంటుంది. శీర్షికలకు దిట్ట, కానీ ఒకే లావు.

మూడో మెట్టు: తెలుపు పరీక్ష

ఇక్కడ తొందరపడకండి. ఫాంట్ ఎంపికలో సగానికి సగం తప్పులు ఈ పరీక్ష చేయకపోవడం వల్లే జరుగుతాయి.

లావు పెంచినప్పుడు గీత బయటికీ పెరుగుతుంది, లోపలికీ పెరుగుతుంది. బయటికి ఎంతైనా చోటుంది. లోపల లేదు. ఇంగ్లీషు ‘ఓ’లో ఒకే ఖాళీ, ఎంత లావు చేసినా కొంత మిగులుతుంది. మన ‘ఘ’, ‘ఝ’, ‘ణ’, ‘య’, ‘మ’లలో ఒకే అక్షరంలో రెండు మూడు వంపులు, వాటి మధ్య సన్నటి సందులు. అందుకే తెలుగులో బోల్డ్ గీయడం కష్టమైన పని. మంచి ఫాంట్‌లో గీత అంతా ఒకే మందంలో ఉండదు. వంపులు కలిసే చోట సన్నబడి, ఖాళీగా ఉన్న చోట మళ్ళీ ఒళ్ళు చేస్తుంది. ‘మ’ను తెర నిండా పెద్దది చేసి ముడి పడిన చోట చూడండి, డిజైనర్ ఎక్కడ కొవ్వు తీశాడో కనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం పోలికలది. ‘ద’, ‘ధ’, ‘థ’ మూడింటికీ ఒళ్ళు ఒకటే. ‘ధ’కు కింద చిన్న గీత, ‘థ’కు లోపల చుక్క. ‘ప’, ‘ఫ’, ‘ష’లదీ అదే పరిస్థితి: ‘ఫ’ను కింద గీత, ‘ష’ను లోపలి గీత వేరు చేస్తాయి. ‘డ-ఢ’, ‘చ-ఛ’ జంటలను విడదీసేది కూడా కింద ఉండే ఆ చిన్న గీతే. లావు పెరిగితే ముందు మాయమయ్యేవి ఈ ఆనవాళ్ళే. అవి పోతే అక్షరం వికారంగా కనిపించడం అటుంచి, వేరే అక్షరం అయిపోతుంది.

నేను ఏ ఫాంట్‌నైనా ఈ మాటలతో పరీక్షిస్తాను. కాపీ చేసుకుని ఉంచుకోండి:

కథ, విధి, ఢంకా, ఛాయ, ఫలం, భాష, ఘోష, మాయ, ఝంకారం, కణం, ఖర్చు, ఋషి, కృష్ణ, లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, సంక్రాంతి

ముందు వీటిని పెద్దగా టైప్ చేసి కొసలు, మూలలు చూడండి. తర్వాత మీరు నిజంగా వాడబోయే అతి చిన్న సైజులో, అసలు కాగితం మీద ప్రింటు తీయండి. తెర మీద తగ్గించి చూడడం సరిపోదు, వెలుగు తెలుపుకు సాయం చేస్తుంది. ప్రింటును చేతి దూరంలో పట్టుకుని కళ్ళు సగం మూయండి. ‘కథ’లో చుక్క విడిగా కనిపిస్తోందా? ‘భాష’లో రెండో అక్షరం ‘ప’ అయిపోలేదు కదా? ‘స్త్రీ’లో వత్తులు ఒకదాన్నొకటి తొక్కలేదు కదా? మూడిట్లో ఏది తప్పినా లావు ఒక మెట్టు తగ్గించి మళ్ళీ ప్రింటు తీయండి.

పక్కవాళ్ళకు చూపించేటప్పుడు ముందుగా మాట చెప్పకండి. తెలిసిన మాటను కన్ను ఊహించి చదివేస్తుంది. ఇంట్లో చదువు నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్ళకివ్వండి. వాళ్ళు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు కాబట్టి ఎక్కడ తడబడితే అక్కడే లోపం ఉన్నట్టు.

నాలుగో మెట్టు: చోటును బట్టి లావు

ఒకే పనిలో అన్నిచోట్లా ఒకే లావు వాడాలన్న నియమం ఏదీ లేదు. నేనైతే 800ను పెద్ద శీర్షికకు, బోర్డుకు, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు ఉంచుతాను. ఉపశీర్షికకు, బటన్‌కు 600 లేదా 700. ఇంకా చిన్నదైతే 500. అక్షరం చిన్నదయ్యేకొద్దీ లావు తగ్గాలి. చిన్నది కాబట్టి లావుగా ఉంటే కనబడుతుందనుకుంటారు చాలామంది. తెలుగులో ఎక్కువసార్లు దానికి విరుద్ధంగానే జరుగుతుంది.

కాగితాన్ని బట్టి కూడా చూసుకోవాలి. ఆర్ట్ పేపర్ మీద ఇంకు నిలబడుతుంది. న్యూస్‌ప్రింట్ మీద, గుడ్డ సంచి మీద, పాలిథీన్ కవరు మీద ఇంకు పాకుతుంది, సందులు పూడుకుపోతాయి. అలాంటి చోట ఒక మెట్టు తక్కువ లావు తీసుకోండి. స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ళను ముందే అడిగి, ఎంత సన్నటి సందు వరకూ పూడుకోకుండా వస్తుందో ఒక ముక్క మీద వేయించి చూడండి. పది నిమిషాల పని.

రివర్స్, అంటే ముదురు రంగు మీద తెల్ల అక్షరం, కొంచెం తికమక పెడుతుంది. అచ్చులో ఇంకు తెల్ల అక్షరంలోకి పాకుతుంది కాబట్టి గీత సన్నబడుతుంది, లోపలి సందు పెద్దదవుతుంది. అక్కడ లావు తగ్గించొద్దు. వెనక లైటు వెలిగే గ్లో సైన్ బోర్డులో, ఫోన్ తెరలో తెల్ల అక్షరం కాంతితో ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి. అక్కడ తగ్గించాలి. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ చేయాల్సిన పని ఎదురెదురు.

ఐదో మెట్టు: సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం

గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకున్న జిప్‌లో అన్ని లావులూ ఒకే దాంట్లో ఉండే వేరియబుల్ ఫైలు ఒకటి, స్టాటిక్ అనే ఫోల్డర్‌లో విడివిడి లావుల ఫైళ్ళు ఉంటాయి. పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు స్టాటిక్‌లోవి ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పని జరుగుతోంది. అను ఫాంట్లలో టైప్ చేసినదాన్ని సెలెక్ట్ చేసి బలూ తమ్ముడు పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఫాంట్ పాడైందని టెన్షన్ పడొద్దు. ఆ పాత టెక్స్ట్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కాదు, ఇది యూనికోడ్ ఫాంట్. కన్వర్టర్‌తో మార్చుకోవాలి, లేదా ‘లేఖిని’ అనే తెలుగు టైపింగ్ సైటులోనో ఫోన్ కీబోర్డులోనో మళ్ళీ టైప్ చేసుకోవాలి. శీర్షిక నాలుగు మాటలే కదా, మళ్ళీ టైప్ చేయడమే తేలిక. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును అర్థం చేసుకోలేదు కాబట్టి, శీర్షికను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి బొమ్మగా తెచ్చి పెట్టుకోండి. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు వత్తులను సరిగ్గా చూపిస్తుంది.

అడోబీ వాడేవాళ్ళకు ఒకే చిక్కు: ‘స్త్రీ’ అని టైప్ చేస్తే పొల్లులతో విడివిడిగా పడుతుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ పెట్టుకోవాలి. ఫోటోషాప్‌లోనూ టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇలాంటిదే ఉంటుంది. పెట్టుకోగానే ‘రాష్ట్రం’ టైప్ చేసి చూడండి. ఆ మాట సరిగా వస్తే మిగతావన్నీ వస్తాయి.

వెబ్‌సైట్‌కైతే ఒక జాగ్రత్త. పాత బలూ తమ్ముడు ఒకే లావు ఫాంట్ కదా. దాన్ని హెడింగ్ ట్యాగ్‌లో పెడితే బ్రౌజర్ తనంతట తాను బోల్డ్ చేయబోయి అక్షరాన్ని పక్కకు సాగదీస్తుంది. అప్పటికే లావుగా ఉన్న అక్షరం మీద ఇంకో పూత! ఉన్న కాస్త తెలుపూ పోతుంది. రెండో తరం ఫాంట్ తీసుకుని, మీరు వాడే లావులను మాత్రమే లోడ్ చేయండి. వర్డ్‌లోనూ, ఫోటో ఎడిటింగ్ యాప్‌లలోనూ ఉండే ‘బీ’ బటన్ కూడా, అసలు బోల్డ్ ఫైలు దొరకనప్పుడు ఇదే పని చేస్తుంది. దాని జోలికి పోకుండా ఫాంట్ జాబితాలోంచి నేరుగా ఎక్స్‌ట్రాబోల్డ్ ఎంచుకోండి.

ఆరో మెట్టు: పంక్తులు, అంచులు, మధ్య

గుడులు పైకి, వత్తులు కిందికి వెళ్తాయి. రెండు పంక్తుల శీర్షికలో పై పంక్తి వత్తు, కింది పంక్తి గుడిని గుద్దుకుంటుంది. ‘స్త్రీ’ కింద సరిగ్గా ‘కీ’ వచ్చిందంటే తప్పదు. బోల్డ్‌లో ఇది మరీ ఎక్కువ. పంక్తుల మధ్య దూరం పెంచడం ఒక దారి. పోస్టర్‌లో దూరం పెరిగితే పట్టు పోతుంది కాబట్టి, నేను ముందు మాటను విరిచే చోటు మార్చి చూస్తాను. ఒక మాట కింది పంక్తికి జరిపితే చాలాసార్లు వత్తు కిందికి ఖాళీ వస్తుంది.

బటన్‌లో, పట్టీలో అక్షరాలను నిలువుగా మధ్యలో పెట్టమంటే సాఫ్ట్‌వేర్ గుడులకూ వత్తులకూ కేటాయించిన ఖాళీని కూడా కలిపి కొలుస్తుంది. అందుకే మాట పైకో కిందికో జరిగినట్టు కనిపిస్తుంది. ‘ర’ లాంటి అక్షరం ఒంటి ఎత్తును చూసి చేత్తో సరిచేయండి.

అక్షరాల మధ్య దూరాన్ని తెలుగులో ముట్టుకోకపోవడం మంచిది. ఇంగ్లీషు బోల్డ్‌లో దగ్గరికి లాగే అలవాటున్నవాళ్ళు అదే సెట్టింగ్ తెలుగుకూ వదిలేస్తారు. వత్తు పక్క అక్షరం కాలు తొక్కుతుంది.

ఇక అవుట్‌లైన్. మన పోస్టర్లలో, ఫ్లెక్సీల్లో అక్షరం చుట్టూ తెల్లదో పసుపుదో అంచు వేయడం మామూలే. రౌండెడ్ అక్షరానికి అది బాగా నప్పుతుంది కూడా. కానీ ఇలస్ట్రేటర్‌లో స్ట్రోక్ ఇస్తే అది గీతకు అటు సగం, ఇటు సగం పడుతుంది. లోపలి సగం అక్షరాన్ని తినేస్తుంది. అప్పియరెన్స్ ప్యానెల్‌లో స్ట్రోక్‌ను ఫిల్ కిందికి జరపండి, లేదా అక్షరాన్ని కాపీ చేసి వెనక పెట్టి ఆ వెనకదానికే మందంగా స్ట్రోక్ ఇవ్వండి. జాయిన్ అనే చోట రౌండ్ ఎంచుకోవడం మరవొద్దు. మైటర్ వదిలేస్తే తలకట్టు మూలల దగ్గర ముళ్ళు మొలుస్తాయి, మెత్తటి ఫాంట్ ఎంచుకున్న కష్టమంతా వృథా.

చదును కొసల ఫాంట్‌కు రౌండ్ స్ట్రోక్ ఇచ్చి రౌండెడ్ చేసుకునే చిట్కా కూడా తిరుగుతోంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలకు నడుస్తుందేమో. తెలుగులో వద్దు. మూలలు మెత్తబడినట్టే ఉంటాయి కానీ సందులన్నీ పూడుకుపోతాయి.

ఇంగ్లీషు మాట పక్కన పెట్టాల్సి వస్తే బలూ తమ్ముడులోనే ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, ముందు వాటినే చూడండి. వేరే రౌండెడ్ ఫాంట్ జోడించాలనుకుంటే పాయింట్ సైజులు సమానంగా పెట్టే బదులు, రెండింటి గీతల మందం సమానంగా కనిపించేవరకూ ఒకదాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూసుకోండి.

ఏడో మెట్టు: ఎక్కడ తగుతుంది, ఎక్కడ తగదు

మెత్తటి బొద్దు అక్షరం దగ్గరితనం చూపిస్తుంది. పిల్లల పుస్తకాలు, బడి వార్షికోత్సవం బ్యానర్లు, మిఠాయి, ఐస్‌క్రీమ్, టిఫిన్ సెంటర్లు, బొమ్మల దుకాణాలు, వంటల వీడియో థంబ్‌నెయిళ్ళు దాని సొంత ఊళ్ళు. ఆరోగ్య ప్రచారానికి కూడా బాగుంటుందని నా అభిప్రాయం. టీకా గురించి చెప్పే పోస్టర్ భయపెట్టకూడదు కదా.

సంతాప ప్రకటనకు వాడొద్దు. కోర్టు నోటీసుకు, ఆస్తి అమ్మకం ప్రకటనకు వాడొద్దు. శుభలేఖ దగ్గర నేను చాలాసార్లు ఆలోచించాను. పెళ్ళికి బరువూ మర్యాదా కావాలి, అక్కడ సన్నమూ లావూ కలిసిన సంప్రదాయ అక్షరమే అందం. అన్నప్రాశనకు, మొదటి పుట్టినరోజుకు మాత్రం ఈ బొద్దు అక్షరమే కావాలి.

పేరాలకు పేరాలు దీంతో పెట్టకండి. రెండు పంక్తులు దాటితే కంటికి నల్లటి గోడలా అడ్డొస్తుంది. శీర్షిక కింద వచ్చే పేరాలకు నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంట్ వాడి, దీన్ని శీర్షికకు దాచుకోండి.

ఎనిమిదో మెట్టు: ఒక లేబుల్ చేసి చూద్దాం

ఇంటి దగ్గర చేసి అమ్మే నేతి సున్నుండల డబ్బాకు లేబుల్ కావాలనుకుందాం. ‘సున్నుండలు’ అన్న మాటే ఈ ఫాంట్ కోసం పుట్టినట్టుంటుంది: మాట నిండా వంపులే, మధ్యలో నిండు సున్న.

రెండు పంక్తులు పెట్టండి. పైన చిన్నగా ‘నేతి’, 600 లావులో. కింద పెద్దగా ‘సున్నుండలు’, 800లో. కింది పంక్తిలో పైకి లేచే గుడులు ఏవీ లేవు, పై పంక్తిలో కిందికి దిగే వత్తులు లేవు. కాబట్టి రెండు పంక్తులనూ ధైర్యంగా దగ్గరికి తీసుకురావచ్చు. ఇలాంటి మాటల జంట దొరకడం అదృష్టం. పెద్ద మాటలో కిందికి దిగేది ‘న్ను’ కింది నవత్తు ఒక్కటే. అది పూర్తిగా దిగాక, కొంచెం ఊపిరి పీల్చుకునే చోటు వదిలి బరువు, ధర రాయండి. నవత్తుకు పక్కనున్న ఖాళీలో ఇరికించొద్దు.

సున్న స్థానంలో సున్నుండ బొమ్మ పెట్టాలన్న కోరిక అందరికీ పుడుతుంది. నాకూ పుట్టింది. చేసి చూస్తే సున్న లోపలి తెలుపు పోయి నిండు ఉండ మిగిలింది, మాట ‘సున్ను డలు’ అయింది. బొమ్మ పెట్టాలంటే మాటకు పైనో పక్కనో పెట్టండి, సున్నను సున్నలా ఉండనివ్వండి.

రంగుకు బెల్లం రంగు అక్షరం, మీగడ రంగు నేల. మూత మీద ముదురు గోధుమరంగులో తెల్ల అక్షరం వేస్తే అది అచ్చు రివర్స్ కాబట్టి 800 అలాగే ఉంచండి. మినుములు, బెల్లం, నెయ్యి అని రాసే పదార్థాల పట్టీ, తయారీ తేదీ, ఆకుపచ్చ గుర్తు పక్కనున్న వివరాలు సాదా ఫాంట్‌లోనే ఉండాలి. కొనేవాళ్ళు నమ్మకంతో చదివే భాగం అది, అక్కడ ముద్దుదనం పనికిరాదు. వినైల్ స్టిక్కర్‌గా అక్షరాలనే కత్తిరించి అంటించే పనైతే రౌండెడ్ ఫాంట్‌కు ఇంకో లాభం ఉంది: మొనదేలిన మూలలు ముందుగా లేచిపోతాయి, గుండ్రటివి అంటుకుని ఉంటాయి.

తొమ్మిదో మెట్టు: బోర్డుకు వెళ్ళే ముందు

దూరం లెక్కకు బోర్డుల పనిలో ఒక మోటు అంచనా ఉంది: ప్రతి 10 అడుగుల దూరానికి 1 అంగుళం అక్షరం ఎత్తు. 60 అడుగుల నుంచి హాయిగా చదవాలంటే 6 అంగుళాలు. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకు చెప్పినది. తెలుగుకు కొలిచేటప్పుడు గుడినీ వత్తునూ వదిలి, అక్షరం ఒంటినే కొలవండి; ఆపైన ఇంకాస్త పెంచండి.

బోర్డు కట్టక ముందే చూసుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. బోర్డు 10 అడుగుల వెడల్పు అనుకోండి. డిజైన్‌ను ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింటు తీస్తే దాదాపు 1 అడుగు వస్తుంది, అంటే పదో వంతు. దాన్ని గోడకు అంటించి 6 అడుగుల దూరం నుంచి చూస్తే, అసలు బోర్డును 60 అడుగుల నుంచి చూసినట్టే. అక్కడ నిలబడి ‘థ’లో చుక్క వెతకండి.

ఆక్రిలిక్ అక్షరాలు కోయించేటప్పుడు సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) ములికి మందం అడగండి. 3 మిల్లీమీటర్ల ములికి లోపలి మూలల్లో 1.5 మిల్లీమీటర్ల గుండ్రం వదలక తప్పదు. చదును ఫాంట్‌లో అది లోపంలా కనబడుతుంది, రౌండెడ్‌లో కలిసిపోతుంది. ముక్కల లెక్క కూడా ముందే వేసుకోండి. చాలా ఫాంట్లలో ‘ప’, ‘స’, ‘హ’ల తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. ‘థ’ చుక్క, కొన్ని వత్తులు కూడా విడి ముక్కలే. ఏ ముక్క ఎక్కడిదో తెలిపే పూర్తి సైజు కాగితం నమూనా ఇవ్వకపోతే, బిగించేవాళ్ళకు తెలుగు రాకపోతే, తలకట్టు తలకిందులుగా ఎక్కుతుంది. ఆ నమూనానే గోడ మీద అంటించి దాని మీదే బిగించమనండి.

ఫైలు పంపేముందు స్పెల్లింగ్ ఇద్దరితో చదివించి, అప్పుడే కర్వ్స్‌గా (టైప్ చేసిన అక్షరాలను గీసిన ఆకారాలుగా) మార్చండి. మార్చకుండా పంపితే వాళ్ళ కంప్యూటర్‌లో ఫాంట్ లేక వేరేది పడుతుంది, లేదా వత్తులు విడిపోతాయి. మార్చిన ఫైలుతో పాటు టైప్ చేసిన అసలు ఫైలును మీ దగ్గర వేరే పేరుతో దాచుకోండి. చూపులకు సరిగ్గా ఎలా ఉండాలో తెలిపే పీడీఎఫ్ ఒకటి జతచేసి, అచ్చు దీనిలాగే రావాలని రాయండి.

మా పుస్తకం రెండో ముద్రణకు వెళ్ళినప్పుడు వెన్ను మీది పేరును 800 నుంచి 600కు దించి, సైజు రెండు పాయింట్లు పెంచాను. అట్ట మీది పేరును ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ పుస్తకం బీరువాలో పాత ప్రతి పక్కనే ఉంది. గదిలో ఇవతలి గోడ దగ్గర నిలబడితే కొత్త ప్రతి మీద ‘కథ’ అని చదవగలుగుతున్నాను, చుక్కతో సహా.